తోక మీది గుర్తులు, సముద్రం మీది దారులు

2021 మార్చిలో ఒడిశాలోని గహిర్‌మఠ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఒక ఆలివ్ రిడ్లీ తాబేలుకు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు 03233 సంఖ్య గల లోహపు బిళ్ల తగిలించి వదిలారు. అదే తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. శ్రీలంకను చుట్టి వెళ్లి ఉంటే అది ఈదిన దూరం దాదాపు 3,500 కిలోమీటర్లు. తూర్పు తీరపు తాబేళ్లు వేరు, పడమటి తీరపు తాబేళ్లు వేరు అని చాలాకాలంగా ఉన్న అభిప్రాయాన్ని మళ్లీ పరిశీలించవలసిన అవసరం ఆ ఒక్క బిళ్ల వల్ల ఏర్పడింది. ఒడిశాలోనే గంజాం జిల్లాలో గోపాలపూర్ నుంచి ఋషికుల్య నది మొగ దాకా ఉన్న పల్లెల్లో తెలుగు మాట్లాడే వడబలిజ మత్స్యకార కుటుంబాలకు తాబేళ్ల రాకపోకలు కళ్ల ముందు జరిగేవే. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య మొగ దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అన్ని లక్షల్లో బిళ్ల ఉన్నవి కొన్నే. వాటిలోనూ ఎవరో ఒకరు మళ్లీ చేతితో పట్టి సంఖ్య చదివితేనే ఆ బిళ్లకు ప్రయోజనం. జంతువును పట్టకుండా, దాని ఒంటికి ఏదీ తగిలించకుండా, దశాబ్దాల తరబడి దానినే గుర్తుపట్టగల పద్ధతి ఒకటి ఉంది. అది ఎక్కువగా ఎదిగింది హంప్‌బ్యాక్ తిమింగలాల అధ్యయనంలో.

అంతకుముందు తిమింగలాల దారులు తెలుసుకోవడానికి వాడిన సాధనం క్రూరమైనది. సంఖ్య చెక్కిన ఉక్కు గొట్టాన్ని తుపాకితో తిమింగలం కండలోకి కాల్చేవారు. 1930ల నుంచి దక్షిణ సముద్రాలలో వేల తిమింగలాలకు ఇలాంటి గొట్టాలు దింపారు. ఆ తిమింగలాన్ని ఏనాడైనా వేటగాళ్లు చంపి, కోసి, మాంసంలో ఆ గొట్టాన్ని చూసి, అది దొరికిన చోటును తెలియజేస్తే తప్ప దారి తెలిసేది కాదు. ఒక జంతువు గురించి తెలిసే విషయం గరిష్ఠంగా రెండు బిందువులు: గొట్టం దింపిన చోటు, ప్రాణం పోయిన చోటు. పిల్లను కన్నదా, మరుసటి ఏడు అదే నీళ్లకు తిరిగి వచ్చిందా, ఎన్నేళ్లు బతికింది అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు.

హంప్‌బ్యాక్ తిమింగలం లోతుకు దిగేటప్పుడు వీపును వంచి, తోకను నీటిపైకి ఎత్తి, నిలువుగా మునుగుతుంది. ఆ కొన్ని క్షణాలపాటు తోక అడుగుభాగం వెనకనున్న పడవకు పూర్తిగా కనిపిస్తుంది. శరీరం పొడవులో దాదాపు మూడోవంతు వెడల్పుండే ఆ తోక కొన్నింటిలో పూర్తిగా తెల్లగా, కొన్నింటిలో పూర్తిగా నల్లగా, మిగిలినవాటిలో తెలుపు నలుపు మచ్చల కలయికగా ఉంటుంది. తోక వెనక అంచు రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ నొక్కుల వరుస ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండదు. తిమింగలాలనూ వేటాడే ఓర్కాలు కొరికిన పంటి గాట్లు, వల తాళ్లు కోసిన మచ్చలు, అంటుకుని రాలిపోయిన బార్నకిల్స్ అనే గుల్ల జీవులు వదిలిన వలయాలు దీనికి తోడవుతాయి. పిల్ల తిమింగలాల మచ్చలు మొదటి కొన్నేళ్లలో మారుతూ ఉంటాయి కనుక వాటిని గుర్తించడంలో జాగ్రత్త అవసరం. పెద్దవాటిలో మచ్చలు చాలావరకు స్థిరపడతాయి. కొత్త గాయాలు వచ్చి చేరినా వెనక అంచు ఆకారం మనిషి వేలిముద్ర లాగా ఆ జంతువును పట్టి ఇస్తుంది.

ఈ సంగతిని క్రమబద్ధమైన శాస్త్రంగా మార్చినవారిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన స్టీవెన్ కటోనా ముఖ్యుడు. కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్‌లో 1972లో మొదలైన అలైడ్ వేల్ అనే పరిశోధన బృందం ఉత్తర అట్లాంటిక్ హంప్‌బ్యాక్‌ల తోక ఫొటోలను ఒక కేటలాగ్‌గా కూర్చడం ఆరంభించింది. మసాచుసెట్స్ తీరంలో 1970ల మధ్య నుంచి పదేపదే కనిపించిన సాల్ట్ అనే ఆడ తిమింగలం కరీబియన్‌లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గరి సిల్వర్ బ్యాంక్ నీళ్లలోనూ ఫొటోకు దొరకడంతో, వేసవిలో చల్లటి నీళ్లలో మేత మేసే తిమింగలాలు చలికాలంలో ఏ ఉష్ణజలాలకు వెళ్లి ఈనుతున్నాయో ఒక నిర్దిష్టమైన జంతువు ద్వారా రుజువైంది. తర్వాతి దశాబ్దాలలో అదే సాల్ట్ ఎన్నో పిల్లలతో కనిపించింది. ఆ పిల్లలు పెరిగి తమ పిల్లలతో వచ్చాయి. ఉక్కు గొట్టం ఎన్నటికీ చెప్పలేని వంశవృక్షం ఇలా ఫొటోల నుంచి బయటపడింది.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా గ్రహించాలి. ఒక్క ఫొటో వలస గురించి ఏమీ చెప్పదు. ఒకే తోక రెండు చోట్ల, రెండు తేదీలలో దొరికి, ఆ రెండూ ఒకటేనని ఎవరో పోల్చి చూసినప్పుడు మాత్రమే దారి పుడుతుంది. ఆ దారి కూడా రెండు బిందువుల మధ్య మనం ఊహించి గీసిన గీతే. తిమింగలం నిజంగా ఏ మలుపులు తిరిగి వెళ్లిందో ఫొటోకు తెలియదు. ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరాన్ని అమరిస్తే ఆ మలుపులు తెలుస్తాయి. కాని ఆ పరికరం ఖరీదైనది, కొన్ని వారాలకో నెలలకో ఊడిపోతుంది, అమర్చగలిగేది కొద్ది జంతువులకే. ఫొటో గుర్తింపు వేల జంతువులను, వాటి జీవితకాలమంతా, చౌకగా చూపుతుంది. రెండు పద్ధతులూ ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తాయి తప్ప ఒకటి వచ్చి మరొకదాన్ని తొలగించలేదు.

పోల్చి చూడడం అన్న పని ఎంత కష్టమైనదో లెక్క వేస్తే అర్థమవుతుంది. కేటలాగ్‌లో 5,000 తోకలుంటే, ఒక సీజన్‌లో వచ్చిన 1,000 కొత్త ఫొటోలను ఒక్కొక్కదానితో సరిచూడడానికి 50 లక్షల పోలికలు అవసరం. తెలుపు ఎక్కువ ఉన్నవి, నలుపు ఎక్కువ ఉన్నవి అని తరగతులుగా విడదీసి ఈ భారాన్ని తగ్గించుకున్నా, అనుభవజ్ఞులైన పరిశోధకులు బల్లల మీద నలుపు తెలుపు ఫొటోలు పరచుకుని నెలల తరబడి చేయవలసిన పనిగానే అది చాలాకాలం మిగిలిపోయింది. ఉత్తర పసిఫిక్ అంతటా 2004 నుంచి 2006 వరకు సాగిన స్ప్లాష్ అనే ఉమ్మడి అధ్యయనం దాదాపు 8,000 తిమింగలాలను విడివిడిగా గుర్తించింది. ఆ మహాసముద్ర భాగంలో అప్పుడు సుమారు 21,000 హంప్‌బ్యాక్‌లు ఉన్నాయన్న అంచనా ఆ కృషి నుంచే వచ్చింది. 2015లో టెడ్ చీజ్‌మన్ స్థాపించిన హ్యాపీవేల్ అనే వేదిక ఈ పనికి కృత్రిమ మేధను జోడించింది. తిమింగలాలను చూడడానికి వెళ్లిన యాత్రికుడు తీసిన ఫొటో కూడా ఇప్పుడు కేటలాగ్‌లో చేరవచ్చు. ఈ పద్ధతితో 39 కేటలాగ్‌లను కలిపి 2023లో ప్రచురించిన ఉత్తర పసిఫిక్ దత్తాంశంలో, 2001 నుంచి 2021 వరకు 1,57,350 సందర్భాలలో ఫొటో తీసిన 27,956 తిమింగలాలు ఉన్నాయి. ఆ కృత్రిమ మేధ ఒకే తోకవైన ఫొటోల జతలను 97 నుంచి 99 శాతం కచ్చితత్వంతో పట్టుకుంటుందని అంచనా. ఒక మహాసముద్రపు సగభాగంలో బతికున్న ఒక జాతిలో చాలావరకు జంతువులకు విడివిడిగా రికార్డులుండడం అడవి జంతువుల అధ్యయనంలో మరెక్కడా సులువుగా కనిపించదు.

ఇంత శ్రమ వల్ల తెలిసింది వలస దూరాలు మాత్రమే అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియా తీరంలో వేసవిలో పక్కపక్కన మేత మేసే తిమింగలాలు చలికాలంలో వేర్వేరు చోట్లకు వెళ్తాయి. కొన్ని మెక్సికోకు, కొన్ని మధ్య అమెరికాకు. ఒడ్డున నిలబడి చూసేవారికి అది ఒకే గుంపు. అవి ఈనే చోటును బట్టి చూస్తే వాటి పరిస్థితులు వేరు. అమెరికా ప్రభుత్వం 2016లో హంప్‌బ్యాక్‌లను 14 విభాగాలుగా గుర్తించి, మధ్య అమెరికా విభాగాన్ని అంతరించే ప్రమాదమున్నదిగా, మెక్సికో విభాగాన్ని అంతకంటే కొంత తక్కువ ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది. హవాయి తిమింగలాలను ఆ జాబితా నుంచి తప్పించింది. కాలిఫోర్నియాలో పీతల వల తాళ్లకు చిక్కి ఒక తిమింగలం చనిపోతే, అది ఏ విభాగానిదన్న దానిమీద ఆ నష్టం తీవ్రత ఆధారపడుతుంది. తోక ఫొటో లేకపోతే ఆ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకదు.

దూరాల విషయానికి వస్తే, ఫొటోలు కొన్ని స్థిరాభిప్రాయాలను కదిలించాయి. మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో చలికాలం గడిపే కొన్ని తిమింగలాలు అంటార్కిటికా నీళ్ల నుంచి 8,000 కిలోమీటర్లకు పైగా ఈది వస్తున్నాయని తోక ఫొటోల జతలే చూపాయి. అది ఉత్తర దక్షిణాలుగా సాగే మామూలు వలస. అయితే 1999లో బ్రెజిల్ తీరంలోని అబ్రోలోస్ బ్యాంక్ దగ్గర ఫొటో తీసిన ఒక ఆడ తిమింగలం 2001లో మడగాస్కర్ దగ్గర కనిపించింది. ఈ రెండూ ఈనే చోట్లే. వాటి మధ్య దూరం దాదాపు 9,800 కిలోమీటర్లు. 2013లోనూ 2017లోనూ కొలంబియా పసిఫిక్ తీరంలో కనిపించిన ఒక మగ తిమింగలం 2022 ఆగస్టులో ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ దగ్గర దొరికింది. ఈ రెండు చోట్ల మధ్య అతి తక్కువ దూరమే 13,046 కిలోమీటర్లు. ఇలాంటి ప్రయాణాలు అరుదైనవా, లేక రెండు చివరలా ఫొటోలు తీసేవారు ఉండడం అరుదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. ఈ వ్యాసం దృష్టిలో ఈ పద్ధతికి సంబంధించి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పటం మీద కనిపించే దారులు తిమింగలాలు వెళ్లే దారులు మాత్రమే కావు. కెమెరా పట్టుకున్న మనుషులు ఉన్న చోట్లు కూడా. ఎవరూ ఫొటో తీయని సముద్రం పటంలో ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీని జంతువులు లేకపోవడంగా చదవడం చాలా సులువు, చాలా ప్రమాదకరం కూడా.

సంఖ్యను అంచనా వేయడంలోనూ ఇదే మెలకువ కావాలి. ఉదాహరణకు ఒక నీటి ప్రాంతంలో ఒక సీజన్‌లో 60 జంతువులను విడివిడిగా గుర్తించారనుకుందాం. తర్వాతి సీజన్‌లో గుర్తించిన 50లో 30 పాతవే అయితే, మొదటిసారి చూసినవి మొత్తంలో అయిదింట మూడు వంతులన్నమాట. కనుక మొత్తం సుమారు 100 ఉండాలి. లెక్క తేలికే. దాని వెనకనున్న షరతులు తేలికైనవి కావు. ప్రతి జంతువుకూ ఫొటోలో పడే అవకాశం సమానంగా ఉండాలి. కాని కొన్ని తిమింగలాలు తోకను సరిగా ఎత్తవు, కొన్ని పడవకు దూరంగా ఉంటాయి, పిల్లతో ఉన్న తల్లి తక్కువసార్లు తోక చూపుతుంది. మసకగా ఉన్న ఫొటోను చేర్చుకుంటే పాత జంతువు కొత్తదిగా నమోదై సంఖ్య పెరిగిపోతుంది. మరీ కఠినంగా వడకడితే స్పష్టమైన మచ్చలున్నవే మిగులుతాయి. అందుకే మంచి కేటలాగ్ నడిపేవారు ఫొటో నాణ్యతకు విడిగా మార్కులు వేసి, వాటిని లెక్కలోకి తీసుకుంటారు.

ఈ జాగ్రత్తలన్నీ పాటించి చేసిన అంచనా ఎంత గంభీరమైన వార్తను చెప్పగలదో 2024లో వెలువడిన ఉత్తర పసిఫిక్ ఫలితాలు చూపాయి. వాణిజ్య వేట ఆగిన తర్వాత పెరుగుతూ వచ్చిన హంప్‌బ్యాక్‌ల సంఖ్య 2012లో 33,488కి చేరి, 2021 నాటికి 26,662కి పడిపోయింది. 2014 నుంచి 2016 వరకు ఆ సముద్రాన్ని వేడెక్కించిన తీవ్రమైన ఉష్ణతరంగం వల్ల మేత కొరవడి తిమింగలాలు చనిపోయాయన్నది పరిశోధకుల నిర్ణయం. అవి వేరే చోటికి వెళ్లిపోయి ఉండవచ్చు కదా అన్న సందేహానికి జవాబు చెప్పగలిగేది మహాసముద్రమంతా పరచుకున్న కేటలాగ్ మాత్రమే. అలస్కాలో 1972లో మొదటిసారి ఫొటో తీసిన ఓల్డ్ టైమర్ అనే మగ తిమింగలం ఆ ఉష్ణతరంగం తర్వాత ఏళ్ల తరబడి కనిపించకపోవడంతో పోయిందనుకున్నారు. 2024లో అది మళ్లీ అదే ప్రాంతంలో తోక ఎత్తింది. యాభై ఏళ్ల తేడాతో తీసిన రెండు ఫొటోలు ఒకే జంతువువని చెప్పగలగడం ఈ పద్ధతికి దక్కిన గొప్ప గౌరవం.

భారతదేశపు నీళ్లకు ఈ కథ అరేబియా సముద్రం వైపు నుంచి నేరుగా తగులుతుంది. అక్కడి హంప్‌బ్యాక్‌లు వలస పోకుండా ఏడాది పొడవునా ఆ సముద్రంలోనే ఉండిపోయే గుంపు. జన్యు పరిశోధన ప్రకారం అవి దాదాపు 70,000 ఏళ్లుగా మిగతావాటికి దూరమై ఉన్నాయి. ఒమాన్ తీరంలో తీసిన తోక ఫొటోల ఆధారంగా 2000ల మధ్యలో వేసిన అంచనా 82 మాత్రమే. దక్షిణార్ధగోళపు కేటలాగ్‌లతో పోల్చితే ఒక్క జత కూడా దొరకలేదు. రెండు వైపులా తగినన్ని ఫొటోలు ఉన్నందువల్లే ఆ లేకపోవడానికి అర్థం ఏర్పడింది. 1960ల మధ్యలో సోవియట్ ఓడలు నిబంధనలకు విరుద్ధంగా ఒమాన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల దగ్గర 242 హంప్‌బ్యాక్‌లను చంపాయి. ఆ దెబ్బ నుంచి ఈ గుంపు నేటికీ కోలుకోలేదు. 2017 చివర ఒమాన్‌లో ఉపగ్రహ పరికరం అమర్చిన లుబాన్ అనే ఆడ తిమింగలం అరేబియా సముద్రాన్ని దాటి గోవా దగ్గరికి వచ్చి, తీరం వెంట కన్యాకుమారి వైపు సాగింది. భారత పడమటి తీరం కూడా ఈ గుంపు సంచారంలో భాగమేనని దానితో తేలింది.

బంగాళాఖాతంలో గంజాం తీరాన హంప్‌బ్యాక్ సాధారణంగా కనిపించే జంతువు కాదు. కనుక ఈ పద్ధతి ఇక్కడికి పనికిరాదనుకోవచ్చు. నిజానికి పద్ధతి జంతువును బట్టి మారుతుంది. నీలి తిమింగలాన్ని పక్కల మీది మచ్చలతో, రైట్ వేల్ అనే తిమింగలాన్ని తల మీది గట్టి పొలుసు గడ్డలతో, డాల్ఫిన్‌ను వీపు రెక్క అంచులోని నొక్కులతో గుర్తిస్తారు. తాబేళ్లలో కూడా తల పక్కల పొలుసుల అమరికతో ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీయవచ్చు.

గంజాం, ఖుర్దా, పూరీ జిల్లాల మధ్య పరచుకున్న చిలికా సరస్సులో ఈ పని ఇప్పటికే జరిగింది. అక్కడి ఇరావడ్డీ డాల్ఫిన్లకు వీపు రెక్క చిన్నది, గుండ్రనిది. హంప్‌బ్యాక్ తోకలా ఆర్భాటంగా పైకి లేవదు. అయినా రెక్క అంచు గాట్లు, వీపు మీది మచ్చలు ఆధారంగా గుర్తించి చేసిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది; అందులో తేలిన సంఖ్య సుమారు 110. ఏటా జరిగే గణనలో పడవల మీద నుంచి కంటితో లెక్కపెట్టడం వేరు, ఇది వేరు. కంటి లెక్క ఆ రోజు ఎన్ని కనిపించాయో చెబుతుంది. ఫొటో గుర్తింపు ఫలానా డాల్ఫిన్ గత ఏడు ఉందా, పడవ ఇంజన్ ఫ్యాను తగిలిన గాయం మానిందా, సరస్సు బయటి భాగంలో తిరిగేది దక్షిణపు కొసనున్న రంభ వైపు వస్తుందా అన్నది చెబుతుంది. చిలికా మొగ నుంచి డాల్ఫిన్లు సముద్రంలోకి వెళ్లి వస్తాయా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, మొగకు బయట, గంజాం తీరం పొడవునా తీసిన రెక్క ఫొటోలు కూడా అదే కేటలాగ్‌లో చేరాలి.

ఆ ఫొటోలు తీయగల స్థితిలో ఉన్నవారు వేటకు వెళ్లే మత్స్యకారులే. నెలలో కొన్ని రోజులు వచ్చి వెళ్లే పరిశోధక పడవ కంటే వారు సముద్రం మీద గడిపే గంటలు ఎన్నో రెట్లు ఎక్కువ. వారికి ఇందులో సొంత ప్రయోజనం కూడా ఉంది. తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య మొగతో పాటు ధమ్రా, దేవి మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. ఏడు నెలల పాటు ఒక కుటుంబం ఆదాయాన్ని తాకే నిర్ణయం, జంతువులు ఎక్కడెక్కడ ఎప్పుడెప్పుడు ఉంటున్నాయన్న సాక్ష్యం మీద నిలబడాలి. ఆ సాక్ష్యం ఎంత సూక్ష్మంగా ఉంటే, నిషేధం హద్దులనూ కాలాన్నీ అంత సహేతుకంగా చర్చించవచ్చు. పటంలో ఖాళీ ఉన్నంతకాలం ఆ చర్చ అంచనాల మీదనే సాగుతుంది, అంచనాల మీద తీసుకున్న నిర్ణయపు భారం ఎక్కువగా పడేది తెప్పల మీద, చిన్న పడవల మీద బతికేవారిపైనే.

ఫొటో పనికి రావాలంటే కావలసినవి ఎక్కువేమీ లేవు. డాల్ఫిన్ అయితే రెక్క పక్క నుంచి, సూటిగా, వీలైతే రెండు వైపులా తీయాలి. ఎడమ వైపు ఫొటోను కుడి వైపు ఫొటోతో జత చేయడం తరచుగా సాధ్యం కాదు. తిమింగలమైతే తోక పూర్తిగా పైకి లేచినప్పుడు, వెనక నుంచి తీయాలి. తేదీ, సమయం, చోటు తప్పక ఉండాలి; ఫోన్‌లో చోటు నమోదయ్యే సదుపాయాన్ని తెరిచి ఉంచితే ఈ మూడూ ఫొటోతో పాటే నిలుస్తాయి, కాని వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో నాణ్యత తగ్గి, ఆ వివరాలు పోతాయి కనుక అసలు ఫైలునే ఇవ్వాలి. మంచి ఫొటో కోసం జంతువును తరమకూడదు. తిమింగలాలూ డాల్ఫిన్లూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం ఫొటో కూడా విలువైనదే, ఎందుకంటే కేటలాగ్‌లో ఒక జంతువు రికార్డును మరణంతో ముగించగలిగేది అదొక్కటే. ఇవన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ రాసి గోపాలపూర్, ఆర్జిపల్లి, పొడంపేట రేవుల్లో చెప్పగలిగేవారు, పంపిన ఫొటో ఏ జంతువుదో తిరిగి పంపినవారికే తెలియజేసేవారు ఉండాలి. ఉత్తర అట్లాంటిక్‌లోనూ పసిఫిక్‌లోనూ కేటలాగ్‌లు నిలబడడానికి ఒక కారణం, ఫొటో ఇచ్చిన వ్యక్తికి ఆ తిమింగలం అంతకుముందు ఎక్కడ కనిపించిందో తెలియజేయడం. తాను చూసినదాని పూర్వకథ తెలిసిన మనిషి మరుసటి ఏడు కూడా ఫొటో పంపుతాడు.